శుభోదయ సందేశము: ‘నిద్రాసంజీవని’ వ్యాఖ్యాసహితము

మూలం
“శుభోదయం మిత్రులారా! 4:30కే లేచాను. పదివేల అడుగులు పూర్తి. పడుకునేవాడికి ఆరోగ్యం ఎక్కడిది? లేవండి!”

అవతారిక
అపార్ట్‌మెంట్ సంఘాధ్యక్షులవారు నిద్రాపరులను ఉద్ధరించగోరి, తెల్లవారుజామున 5:10కి ఈ వాక్యపంచకాన్ని వాట్సాప్ గ్రూపులో అనుగ్రహించారు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కావ్యవ్యాఖ్యాత కొలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగం మాకూ సమ్మతమే.

టీక
శుభోదయం: సుగమం.

4:30కే లేచాను: ‘లేచు’ అకర్మక క్రియ అంటారు. ఫోన్లు మోగి మా బ్లాకంతా లేచింది కనుక ఇక్కడ సకర్మకమే. సూర్యోదయం ఆరింటికి అనుకుంటే బ్రాహ్మీ ముహూర్తం 4:24 నుంచి 5:12 దాకా. వేళలో దోషం లేదు. అయితే ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు ఆ వేళకు లేవమన్నది స్వస్థుణ్ణి. రాత్రి రెండింటిదాకా అమెరికావాళ్ళ మీటింగులో కూర్చున్నవాణ్ణి కాదు.

పదివేల అడుగులు: 4:30కి లేచి 5:10కి పదివేలంటే, మొహం కడుక్కోకపోయినా, నిమిషానికి 250. చురుగ్గా నడిచేవారికే నూరు పైచిలుకు. కనుక ఇది లేఖక దోషమన్నా కావాలి, లఘిమాసిద్ధి అన్నా కావాలి. పైగా ఈ సంఖ్య ఏ సంహితలోనూ లేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులో ఉంది. సరుకు అమ్ముకునేవాడి మాట మనకు ఆర్షవాక్యమై కూర్చుంది.

శాస్త్రం మాట వేరు. బలంలో సగం వరకే వ్యాయామం, అదీ చలికాలంలో, వసంతంలో. మిగతా ఋతువుల్లో ఇంకా తక్కువ అని వాగ్భటుడి అష్టాంగహృదయం. అతి వ్యాయామాన్నీ జాగరణనూ ఒకే పట్టీలో వేసి, వాటికి పూనుకున్నవాడు ఏనుగును ఈడ్చబోయిన సింహంలా నశిస్తాడన్నాడు వాగ్భటుడు. చరకుడు దేహానికి చెప్పిన మూడు ఉపస్తంభాలు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. మూడోదాని జోలి మనకొద్దు గానీ, వ్యాయామం ఆ మూడింటిలో లేదన్నది గమనార్హం. ఇంకా రుచికరమైన సంగతి: అలవాటు లేని జాగరణ పడితే, మేలుకున్నంతలో సగం సేపు మర్నాడు పొద్దున పడుకోమన్నాడు వాగ్భటుడు. మూడు గంటల మెలకువకు గంటన్నర కునుకు బాకీ! ఎంత దయ, ఎంత పద్దు! కంపెనీల హెచ్ఆర్ వారికి ఈ శ్లోకం పటం కట్టించి ఇవ్వాలి. పరగడుపున పడుకోవాలన్న నియమం మరవరాదు. నాలుగిడ్లీలు లాగించి పడుకుంటే బాకీ చెల్లదు. మినపట్టు సంగతి వ్యాఖ్యాతలు విచారించలేదు. కాఫీ పరగడుపును భంగపరుస్తుందా అన్నది మరో ప్రకరణం.

ఎక్కడున్నాం? అడుగుల దగ్గర.

పడుకునేవాడికి: ఎవడు వాడు? మూడో అంతస్తు సాఫ్ట్‌వేరు కుర్రాడని పూర్వపక్షం. అధ్యక్షులవారే అని కొందరు: ముందురోజు రాత్రి 11:48కి వారు పసుపునీళ్ళ మహిమ పంపారు, అంటే నిద్ర ఐదు గంటలు కూడా లేదు, మధ్యాహ్నం మూడు గంటలపాటు తలుపు బాదినా పలకరని పక్కింటి సంప్రదాయం. సిద్ధాంతం వేరు. వాచ్‌మన్ అని మా నిర్ణయం. రాత్రి కునుకు తీశాడని పోయిన నెల సంఘం అతని కుర్చీ తీసేయించింది. నడకకు వెళ్ళే ఆరోగ్యవంతులకు తెల్లవారుజామున గేటు తీసేది అతనే. తెల్లారాక కార్లు కడిగేదీ, ఏడింటికి మోటారు వేసేదీ అతనే. అతని అడుగులు లెక్కపెడితే అధ్యక్షులవారి ఫోను సిగ్గుపడుతుంది.

లేవండి: విధి. వాచ్‌మన్‌కు వర్తించదు, అతను పడుకుంటే కదా.

తాత్పర్యం: ఆ కుర్చీ తిరిగి ఇప్పించండి.