తాళం వేసిన మిఠాయి డబ్బా

మా ప్రాంతంలో తీపి తినడం చెడ్డ అలవాటు కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న పని. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరుసటి ఏడాదే మా కోవిల్‌పట్టి కడలై మిఠాయికీ వచ్చింది. అటు విరుదునగర్ జిల్లా, ఇటు తూత్తుక్కుడి జిల్లా పోటీపడి మిఠాయిలకు ముద్రలు వేయించుకుంటుంటే, మధ్యలో పుట్టి పెరిగిన నన్ను పట్టుకుని డాక్టరుగారు "మీది వ్యసనం" అన్నారు. నాది ప్రాంతాభిమానం అంటే నవ్వి, రక్తపరీక్ష రాశారు.

విరుదునగర్‌లో బస్సెక్కి కోవిల్‌పట్టిలో దిగి చూడండి, నా బాధ తెలుస్తుంది. ఎక్కేచోట సీని మిఠాయి. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండిని కాగే నూనెలో చుట్లు చుట్లుగా పిండి, వేగాక పాకంలో ముంచుతారు. కొరికితే పాకం గడ్డం మీదికి కారుతుంది. అదే తాటిబెల్లం పాకమైతే కరుప్పట్టి మిఠాయి. దారిలో సాత్తూరు వస్తుంది, కారసేవు ఊరు. తీపి మానదలచినవాడికి దేవుడిచ్చిన మజిలీ అనుకుంటాం. కానీ కారసేవు తిన్న నోరు తీపి అడుగుతుంది, ఈలోగా కోవిల్‌పట్టి వచ్చేస్తుంది.

ఇది నల్లరేగడి నేల, వానను నమ్ముకున్న సేద్యం. కడలై మిఠాయికి కావలసిన వేరుశనగ ఇక్కడిదే, బెల్లం మాత్రం తేని, సేలం వైపు నుంచి వస్తుంది. వేయించి, పొట్టు ఊది, బద్దలు చేసిన పప్పును ముదురు పాకంలో కలుపుతారు. పాకం కుదిరిందో లేదో చుక్క నీళ్లలో వేసి చూస్తారు. టక్కున విరగాలి, సాగితే ఇంకా కాగాలి. చెక్కపీట మీద పోసి, కర్రతో చదును చేసి, వేడి ఆరకముందే ముక్కలు కోసి, పైన రంగుల కొబ్బరి తురుము చల్లుతారు. రుచి తామ్రపర్ణి నీళ్లదంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, అంగట్లో తమిళంలో బేరమాడే మాబోటివాళ్లం మిఠాయి దగ్గర మాత్రం ఏ భాషలోనూ బేరమాడం.

డాక్టరు మాట తేల్చుకుందామని నేనూ కాస్త చదివాను. తిండి వ్యసనాన్ని కొలవడానికి యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అనుకున్నదానికంటే ఎక్కువ తింటున్నారా? కడలై మిఠాయిని ఎవరైనా ఇంత అని అనుకుని తింటారా! దొరక్కపోతే వెతుక్కుంటూ వెళతారా? కోవిల్‌పట్టిలో ఆ అవసరం ఎవరికీ రాలేదు. 2013 నాటి అమెరికా మానసిక వైద్యుల పుస్తకం జూదాన్ని వ్యసనాల్లో చేర్చింది, చక్కెరను చేర్చలేదు. ఈ మాట మా ఆవిడతో అంటే, "అయితే పేకాడుకోండి, డబ్బా ముట్టకండి" అంది.

నాకు బాగా నచ్చినవి ప్రిన్స్‌టన్ ఎలుకలు. ఆ విశ్వవిద్యాలయ పరిశోధకులు బార్ట్ హోబెల్, నికోల్ అవేనా వాటికి రోజూ పన్నెండు గంటలు తిండి ఆపి, ఆ తర్వాత మామూలు తిండితో పాటు చక్కెర నీళ్లు పెట్టారు. ఎలుకలు ఎగబడి తాగాయి, ఆపేస్తే వణికాయి, అచ్చం వ్యసనపరుల్లాగే. ఎప్పుడూ చక్కెర నీళ్లు అందుబాటులో ఉన్న ఎలుకలు మాత్రం అంత ఆత్రపడలేదు. దీన్నిబట్టి మా ఇంట్లో వ్యసనానికి కారణం నేను కాదు, మా ఆవిడ డబ్బాకు వేసిన తాళం. పగలంతా తాళం, సాయంత్రం కాఫీతో ఒక్క ముక్క! ఏ ఎలుకైనా ఏమవుతుంది? ఈ వాదన ఆవిడ ఓపిగ్గా విని, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మనుషుల్లో ఈ తీపి యావ వ్యసనమా, గట్టి అలవాటా అన్నదానిపై శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ల వాదన తేలేదాకా ఆగని లెక్క ఒకటుంది. మనం అదనంగా కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే సుమారు ఆరు చెంచాలు. రెండు పూటల కాఫీతోనే నా లెక్క సగానికి వస్తోంది.

కాబట్టి ఇటు వచ్చే తెలుగువారికి ఒక మనవి. మిఠాయి కొనండి, తినండి, ఊరికి తీసుకెళ్లి పంచండి. మధుమేహం ఉంటే మాత్రం, "బెల్లమే కదండీ, ఏమీ కాదు" అనే చుట్టాన్ని నమ్మకండి. తాటిబెల్లమైనా, చెరకుబెల్లమైనా రక్తంలోకి వెళ్లాక చక్కెర కిందే లెక్క.