ముందు గోడ మిగిలితే చాలా?

మా రోజుల్లో పాత కట్టడానికి వెళ్తే ముందు పైకప్పు చూసేవాళ్లం. బరువు ఎక్కడ మోపారు, దూలం దేనిమీద ఆనింది అని అడిగేవాళ్లం. ఇప్పుడు లండన్‌లో టవర్ బ్రిడ్జి పక్కనున్న డికెన్స్ ఇన్ అనే పబ్బుకి వచ్చే మన పిల్లలు పూలకుండీల ముందు ఫోటోలు దిగి, ఏదో తిని వెళ్లిపోతున్నారు. ఇది ఒకప్పుడు గోడౌనురా అంటే "అవునా అంకుల్" అని మళ్లీ ఫోనులోకి తల దూరుస్తారు.

లోపలికెళ్లి చూస్తేగా! 18వ శతాబ్దపు చెక్క చట్రమది. కాపురముండే ఇంటికి అంతంత లావు దూలాలు అక్కర్లేదు. సరుకు బరువు అంతస్తు నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, అక్కణ్ణుంచి నేలకి దిగాలి. పబ్బు దీపాల వెలుగులో కూడా ఆ లెక్క కళ్లకు కడుతుంది.

ఆ చుట్టుపక్కల సెయింట్ కాథరిన్ రేవు 1828లో తెరిచారు. థామస్ టెల్‌ఫర్డ్ ఇంజనీరు, గిడ్డంగులు ఫిలిప్ హార్డ్‌విక్‌వి. సరుకు ఓడలోంచి నేరుగా లోపలికి ఎక్కేలా నీటి అంచునే కట్టాడాయన. దానికోసం సుమారు 11 వేలమంది పేదల ఇళ్లు పోయాయి, అది మరిచిపోకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కొన్ని గిడ్డంగులు పోయాయి. 1968లో రేవు మూతపడ్డాక మిగతావాటిలో చాలావరకు కూల్చేశారు. ఆ కూల్చివేతల్లోనే ఇటుక గోడల చాటున ఈ చట్రం బయటపడింది. వంటచెరుక్కి పంపలేదు మహానుభావులు. 120 టన్నుల చెక్కను సుమారు 70 మీటర్లు జరిపి మళ్లీ నిలబెట్టారు. 1976లో రచయిత చార్లెస్ డికెన్స్ మునిమనవడు సెడ్రిక్ వచ్చి ఈ పబ్బును తెరిచాడు.

బయట తగిలించిన వరండాలు మాత్రం నాకు ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చవు. గోడౌనుకి వరండాలెందుకుంటాయి? పాతకాలపు సత్రంలా కనబడాలని పెట్టారు. అయినా వాళ్లను క్షమిస్తాను, ఎముకలు కాపాడారు కాబట్టి. ఇప్పటివాళ్లది తిరగేసిన పని. వీధివైపు ఇటుక గోడ ఒక్కటి ఆనించి నిలబెట్టి, వెనకున్నదంతా తవ్విపోసి, స్టీలూ అద్దమూ నింపి, "చారిత్రక గిడ్డంగి" అని బోర్డు పెడుతున్నారు.

అనుమతులిచ్చే అధికారులకు నా విన్నపం ఒక్కటే. లోపల పాత దూలాలు, స్తంభాలు మిగిలి ఉన్నాయా అని అడగండి. లేకపోతే ఆ బోర్డు పెట్టనివ్వకండి.