మధిర కైమరము ఆత్మకథ

జనులు నన్ను కైమరమందురు. ఉన్నతమైన ఇనుపకంబమునకు అమర్చిన ఎఱ్ఱని చేయిని నేను. అడ్డముగా నిలిచినచో బండి ఆగవలెను, క్రిందికి వాలినచో సాగవలెను. నైజాము రాజ్యమున వేసిన రైలుమార్గము 1889లో బెజవాడను చేరినది. ఆ దారిలో, వైరా యేటి ఒడ్డున, తెలంగాణమును కృష్ణాసీమయు కలిసెడి మధిరలో నేను చిరకాలము కొలువు చేసితిని.

శివరాత్రినాడు బండి దిగి, వైరాలో స్నానమాడి, తడిబట్టలతోనే మృత్యుంజయస్వామి దర్శనమునకు సాగెడి భక్తులను, జమలాపురము వేంకటేశ్వరుని సేవింప బయలుదేరు కుటుంబములను, మిరపకాయల బస్తాలపై కూర్చుండి బండికై ఎదురుచూచు రైతులను ఎత్తునుండి కన్నులార చూచితిని. వరంగల్లు జిల్లాలోని తాలూకాయైన మధిర 1953లో ఖమ్మము జిల్లాలో చేరినను, కృష్ణాసీమతో 1956లో చెరగిన పొలిమేర 2014లో మరల రాష్ట్రపు సరిహద్దైనను, ఇరువైపుల చుట్టరికములు మాత్రము తెగలేదు.

సంధ్యవేళ దీపగాడు నిచ్చెన యెక్కి వచ్చి, వత్తి కత్తిరించి, మసి తుడిచి, కిరసనాయిలు దీపమును నా అద్దముల వెనుక నిలిపెడివాడు. వానిలో ఒకటి ఎఱుపు, రెండవది నీలము. పసుపుపచ్చని దీపకాంతి ఆ నీలపుటద్దమునుండి ఆకుపచ్చగా వెలువడి బండికి అభయమిచ్చెడిది. లాగెడి తీగ తెగినచో నాకు అమర్చిన ఎదురుబరువే నన్ను తిరిగి అడ్డముగా నిలిపెడిది. ఎవరివలన పొరపాటు జరిగినను ప్రాణహాని కలుగరాదనుటయే నా జన్మధర్మము. దానిని ఏనాడును తప్పలేదను గర్వము నాకు గలదు.

పిదప రంగుదీపముల సిగ్నళ్లు వచ్చినవి. వేగముగా పోవు బండ్లకు అవి అవసరమే. వానిపై నాకు ఈర్ష్య లేదు. కాని ఇంతకాలము కాపాడిన చేయిని దించిన తీరు మరువజాలను. త్రాళ్లు కట్టి కూలద్రోసి, తుమ్మచెట్ల చాటున పడవైచిరి. నీలపుటద్దమును ఎవరో పెకలించుకొనిపోయిరి. ఎన్నో వర్షకాలములు గడచినవి; రంగు పెచ్చులుగా రాలి, కీళ్లలో తుప్పు చేరి, తీగలు నన్నల్లుకొన్నవి. తుదకొకనాడు తూకము వేసి, నా మేనిపై సుద్దతో బరువు వ్రాసి పోయిరి. ఏ బండిని ఆపితినో, ఎందరిని క్షేమముగా చేర్చితినో అడిగినవారు లేరు.

నన్ను కరగింపకుడు. స్టేషను ముంగిట నిలిపి, రంగు వేసి, నా కథను నాలుగు పంక్తులలో వ్రాయింపుడు. ఏటిని, ఆలయమును చూడవచ్చు యాత్రికులు, బడిపిల్లలు నా చేయిని స్వయముగా వాల్చి చూచి, తమ పెద్దలు ఎట్టి జాగరూకతతో బండ్లు నడిపిరో గ్రహింతురు. పాత ఇనుమునకు వచ్చు ధరకంటె ఆ జ్ఞానము మధిరకు ఎంతయో విలువైనది.