సెక్షన్ 15కు సెలవు లేదు

భిలాయిలో వారానికి ఒక రోజు ఖాయంగా సెలవు దొరికేది మైత్రీబాగ్ తెల్లపులికి. సోమవారం జూ మూసేస్తారు. ఆ రోజు దాన్ని చూడ్డానికి ఎవరూ రారు, అది ఎవరికీ కోరలు చూపించక్కర్లేదు. సోవియట్ స్నేహానికి గుర్తుగా వేసిన తోట కదా, శ్రామికుడికి వారానికో విశ్రాంతి అన్న సూత్రం పులుల దాకా వచ్చింది. జవాను దాకా రాలేదు.

రాకపోవడానికి ఎవరి మతిమరుపూ కారణం కాదు, చట్టమే అలా ఉంది. 1968 నాటి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సిఐఎస్‌ఎఫ్) చట్టంలో 15వ సెక్షన్ తీసి చూడండి. దళంలో చేరినవాడు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. దేశంలోనైనా, దేశం బయటికైనా ఎప్పుడు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. నిద్రపోతున్నా డ్యూటీయే, బనియన్లు ఉతుక్కుంటున్నా డ్యూటీయే, సెక్టార్ 5 బాలాజీ గుడిలో ప్రసాదానికి చెయ్యి చాపినా డ్యూటీయే. డ్యూటీ దిగిన మనిషన్నవాణ్ణే చట్టంలోంచి తుడిచేశాక, వాడు తీరిక వేళల్లో ఏం చేస్తాడని అడగడం మన తెలివితక్కువ.

ఆ గుడి దగ్గరే ఒక కుర్రాడు కనిపిస్తుంటాడు. శ్రీకాకుళం జిల్లా, మీసాలు ఇంకా సరిగ్గా దిద్దుకోని వయసు. ఏ దళమో చెప్పను, చెబితే వాడికి సాబ్ ముందు పేషీ. ఈ ఊళ్ళో దళాలకు కరువా? ఉక్కు కర్మాగారం గేట్ల దగ్గర సిఐఎస్‌ఎఫ్ ఉంది, బస్తర్ అడవుల కోసం వచ్చిన బిఎస్‌ఎఫ్ ఉంది. వాడు ఔట్‌పాస్ మీద వస్తాడు. దర్శనానికి ముందోసారి గడియారం చూస్తాడు, తర్వాతోసారి చూస్తాడు, మధ్యలో వీలుంటే దేవుణ్ణి. ప్రసాదం దొన్నె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వాళ్ళమ్మకు వీడియో కాల్ చేస్తాడు. వెనకాల సున్నం గోడ తప్ప ఇంకేమీ పడకుండా ఫోను తిప్పుకుంటాడు. అదేంట్రా అంటే, "లొకేషన్ పడితే బాగోదు బాబాయ్" అంటాడు. బాలాజీ గుడి ఆచూకీ శత్రువుకు అందిపోతుందని వాడి భయం!

ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, నేర్పింది. 2017 జనవరిలో తేజ్ బహదూర్ యాదవ్ అనే బిఎస్‌ఎఫ్ జవాను సరిహద్దులో తమకు పెడుతున్న నీళ్ళ పప్పును, మాడిన రొట్టెను వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. దేశమంతా చూసింది. ఏప్రిల్ కల్లా అతని ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత పప్పు చిక్కబడిందో లేదో గాని నిబంధనలు మాత్రం బాగా చిక్కబడ్డాయి. 2020లో సైన్యం తన వాళ్ళని ఫోన్లలోంచి 89 యాప్‌లు తీసెయ్యమంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సరే, జోడీలు కుదిర్చే టిండర్ కూడా ఆ జాబితాకెక్కింది. పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇక జాగ్రత్తగా ఉండాలి. అదే ఏడాది సిఐఎస్‌ఎఫ్, మీ ఖాతాల పేర్లన్నీ యూనిట్‌కు రాసివ్వండని తన వాళ్ళకు చెప్పింది. వలపు వల విసిరి కుర్రాళ్ళ నుంచి రహస్యాలు లాగిన కేసులు ఉన్నాయి, కాదనను. అయితే ఆ వలలో పడేది ఒంటరివాడు. ఒంటరితనం ఊసు ఏ సర్క్యులరూ ఎత్తదు.

క్యాంటీన్ సంగతి కూడా ఆ సంవత్సరానిదే. కేంద్ర పోలీసు క్యాంటీన్లలో ఇక స్వదేశీ సరుకే అంటూ జూన్ 1న వెయ్యికి పైగా వస్తువులు కొట్టేసిన జాబితా బయటికొచ్చింది. చూస్తే అందులో మన డాబర్ వాళ్ళూ ఉన్నారు! నాలిక కరుచుకుని అదే రోజు జాబితా వెనక్కి తీసుకున్నారు. ఈ దళాల చరిత్రలో ఒక్క పూటలో డ్యూటీ దిగింది ఆ కాగితం ఒక్కటే.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన కాలం నుంచీ మన ఉత్తరాంధ్ర వాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళకు షిఫ్టు ఉంది, వీక్లీ ఆఫ్ ఉంది, ఓట్లేసి గెలిపించుకునే యూనియన్ ఉంది. గేటు దగ్గర వాళ్ళ సంచీ తడిమి చూసే జవానుకు ఇందులో ఏదీ హక్కు కాదు, దొరికితే సాబ్ దయ. సంఘం పెట్టుకోబోతే ఏమవుతుందో ఇంకో ఉక్కు నగరం బొకారోని అడగండి. 1979 జూన్‌లో అక్కడి సిఐఎస్‌ఎఫ్ వాళ్ళు ఆందోళనకు దిగితే వాళ్ళ మీదికి సైన్యాన్ని పంపారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 1983లో చట్టం సవరించి వాళ్ళని సాయుధ దళం చేశారు. క్రమశిక్షణ వరకే సుమా! 2004 తర్వాత చేరిన కేంద్ర బలగాల వాళ్ళకూ పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం సుప్రీంకోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంది. శిక్షకు సైనికుడు, పింఛనుకు గుమాస్తా.

ఆంక్షలు మన దగ్గరే ఉన్నాయా అంటే, కాదు. అమెరికా 2012 అక్టోబరులో జపాన్‌లోని తన సైనికులందరికీ రాత్రి 11 నుంచి తెల్లవారుజాము 5 దాకా కర్ఫ్యూ పెట్టింది. ఒకినావాలో ఇద్దరు నావికులు చేసిన అత్యాచారం దానికి కారణం. అక్కడ నేరం జరిగింది, ఆంక్ష వచ్చింది. మనవాడు ఏ నేరమూ చెయ్యలేదు. రాత్రి 11 దాకా బయట తిరగొచ్చని చెబితే మా శ్రీకాకుళం కుర్రాడు దాన్ని కర్ఫ్యూ అనడు, సంక్రాంతి అంటాడు.

ప్రతి జవానూ ఏడాదికి 100 రోజులు ఇంటివాళ్ళతో గడపాలని హోంమంత్రి అమిత్ షా 2019లో సెలవిచ్చారు. సెలవిచ్చింది మాట వరకే. 2024లో అక్టోబరు నాటికి ఆ భాగ్యం దక్కినవాళ్ళు 6,302 మంది అని ప్రభుత్వమే రాజ్యసభకు చెప్పింది. ఈ బలగాల్లో ఉన్నది దాదాపు పది లక్షల మంది. అయిదేళ్ళలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు 730 మంది అని కూడా అప్పుడే చెప్పింది. ఈ అంకె మీద వెటకారం రాయడం నా వల్ల కాదు.

2024 సెప్టెంబరు నుంచి భిలాయి పక్కనున్న దుర్గ్‌కూ విశాఖకూ మధ్య వందే భారత్ నడుస్తోంది. ఎనిమిది గంటల్లో దించేస్తుంది. సెలవు అర్జీ మాత్రం ఇంకా గూడ్సు బండిలోనే ప్రయాణం చేస్తోంది. అందుకని శ్రీకాకుళం, విజయనగరం, దుర్గ్ ఎంపీలకు ఒక మనవి. మీ ముగ్గురి ఓటర్ల పిల్లలే ఈ బ్యారకుల్లో ఉన్నారు. వారానికి ఒక రోజు జవాను డ్యూటీలో లేనట్టే లెక్క అని 15వ సెక్షన్‌లో ఒక్క వాక్యం చేర్పించండి. వచ్చే సమావేశాల్లోనే బిల్లు పెట్టించండి. ముసాయిదా రాసుకోవడానికి తీరిక లేదంటారా, మీకు శని, ఆదివారాలు సభ ఉండదు కదా.