రాసిందెవరో తెలిసేది

మా రోజుల్లో కోబాల్ ప్రోగ్రాము మొదటి వరుసల్లోనే రాసినవాడి పేరు ఉండేది. ఐడెంటిఫికేషన్ డివిజన్ కింద ప్రోగ్రాము పేరు, దాని వెంటనే ఆథర్ అని ఒక పేరా, రాసిన తేదీకి ఇంకొకటి. మద్రాసులో నేను పనిచేసిన చోట ఆ పేర్లు నింపకపోతే సీనియర్లు ప్రోగ్రామును ముందుకు పోనిచ్చేవాళ్లు కాదు. వడ్డీ లెక్కలో తేడా వస్తే ఆ పేరు చూసి, రెండు బల్లలు దాటి పోయి మనిషినే అడిగేవాళ్లం. అందరం వాడుకునే ముక్కలు కాపీబుక్కుల్లో ఉండేవి. వాటిలో ఒక్క ఫీల్డు మార్చాలన్నా ఏయే ప్రోగ్రాములు దాన్ని పిలుస్తున్నాయో రిజిస్టరులో చూసుకుని, అన్నిటినీ మళ్లీ కంపైల్ చేసినాకే ఇల్లు. శనివారం రాత్రి పుత్తూరులో రైలు దిగి కార్వేటినగరం వచ్చి పడుకుంటే నిద్ర పట్టేది. ఏది దేనిమీద ఆధారపడి ఉందో మాకు తెలుసు గనక.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు బెంగళూరు కంపెనీకి ఇక్కడ ఇంటినుంచే పనిచేస్తున్నాడు. వాడి నెత్తిన పెట్టింది పదిహేనేళ్ల నాటి జావా అప్లికేషను. మొదట కట్టినవాళ్లలో ఒక్కరూ ఆ కంపెనీలో లేరు. "మామా, ఇది చూడు" అని, లైబ్రరీలను తెచ్చిపెట్టే మేవెన్ అనే పనిముట్టులో డిపెండెన్సీ ట్రీ తీసి చూపించినాడు. స్క్రీను మీద వరుసలు పారుతూనే ఉన్నాయి. పీడీఎఫ్ తయారీకని ఎప్పుడో ఎవరో ఒక లైబ్రరీ పెట్టినారంట. అది ఇంకో నాలుగింటిని తెచ్చుకుంది, ఆ నాలుగూ మరికొన్నింటిని. "వీటిలో మీవాళ్లు రాసిందేదిరా?" అంటే రెండు మూడు వరుసల మీద వేలు పెట్టినాడు.

ఒకే లైబ్రరీని ఇద్దరు రెండు వెర్షన్లలో అడిగితే మేవెన్ కొత్తదాన్ని తీసుకోదు, ట్రీలో దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది. దగ్గరున్నది పాతదైతే పాతదే లోపలికొస్తుంది. కంపైల్ అవుతుంది, పరీక్షలు దాటుతుంది. నెలాఖరున ఎవరూ ముట్టని రిపోర్టు నడిపేటప్పుడు 'నో సచ్ మెథడ్ ఎర్రర్' అని పడిపోతుంది. అప్పుడు ఎవరి బల్ల దగ్గరికి పోవాల?

2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల జావాస్క్రిప్టు ముక్కను రాసినాయన, అందరూ లైబ్రరీలు తెచ్చుకునే ఎన్‌పీఎం నుంచి తీసేసినాడు. మాటకు ముందు ఖాళీలు నింపడమే దాని పని. కోబాల్‌లో అంకెల ముందు ఖాళీలకు పిక్చర్ క్లాజు ఒక్కటి చాలేది. ఆ కాస్త ముక్క లేక దేశదేశాల్లో బిల్డులు ఆగిపోయినాయి.

అది పోనీ, గంటల్లో సర్దుకుంది. 2017లో అపాచీ స్ట్రట్స్ అనే జావా లైబ్రరీలో లోపం బయటపడి మార్చిలోనే మందు వచ్చినా, అమెరికాలో జనం అప్పుల చరిత్ర దాచే ఈక్విఫాక్స్ కంపెనీ వేసుకోలేదు. 14 కోట్లకు పైగా జనం వివరాలు దొంగలపాలైనాయి. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడింది. జరిగింది రాసిపెట్టుకునే చిన్న లైబ్రరీ అది. రాసిపెట్టుకోమని ఇచ్చిన మాటలోనే ఒక చిరునామా దూరిస్తే, సర్వరు అక్కడికి పోయి పరాయి కోడు తెచ్చుకుని నడిపేది. తీవ్రత పదికి పది. మందు త్వరగానే వచ్చింది. ప్రతి ఆఫీసులో మొదటి ప్రశ్న మాత్రం "ఇది మనం వాడుతున్నామా?" అనేదే. చాలామంది జవాబు చెప్పలేకపోయినారు, అది ఇంకో జార్ ఫైలు కడుపులో ఉండేది కాబట్టి. నాకు ఒళ్లు మండేది అక్కడే. లోపం ఎవరి కోడులోనైనా ఉంటుంది. ఇంట్లో ఏముందో తెలియకపోవడం ఏమి?

2024లో ఎక్స్‌జెడ్ సంగతి ఇంకా ఘోరం. అలసిపోయిన ఒక స్వచ్ఛంద కార్యకర్త మోస్తున్న లైబ్రరీలోకి సాయం పేరుతో ఒకడు చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, దొంగదారి పెట్టినాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమని తవ్వబట్టి బయటపడింది.

మా తరమూ ఒక బాకీ మిగిల్చింది, సంవత్సరానికి రెండంకెలే పెట్టింది. 80 గళ్ల కార్డులో చోటు అంత ఖరీదు. ఆ వైటూకే బాకీ తీర్చడానికి 1990ల చివర్లో అమీర్‌పేటలో ఎంతమంది పిల్లలు కోబాల్ నేర్చుకున్నారో, ఎన్ని విమానాలెక్కినారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. దానికి గడువు ఉండింది, 1999 డిసెంబరు 31. గడువు ఉండింది గనక యజమానులు డబ్బు తీసినారు. ఈ లైబ్రరీల బాకీకి తేదీ లేదు, అందుకే ఎవరూ పైసా తియ్యరు. "పనిచేస్తా ఉంది కదా, ముట్టుకోవద్దు" అంటారు.

ముట్టుకోకపోతే ఏమవుతుందో చూడండి. 2020లో జావా ఎంటర్‌ప్రైజు వాళ్లు తమవాటిలో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీ పేర్లను జకార్తాగా మార్చినారు. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్కులో 3వ వెర్షనుకు పోవాలంటే ఆ కొత్త పేర్లు, కనీసం జావా 17 ఉండాల్సిందే. ఏడాదికొక మెట్టు ఎక్కినవాళ్లకు అది కొద్ది రోజుల పని. జావా 8 దగ్గరే కూర్చున్నవాళ్లు అన్నీ ఒక్కసారిగా మార్చాల, ఏది విరిగిందో తేల్చుకోలేరు.

ఇది కంపెనీల గొడవే అనుకోవద్దు. 1998లో కార్డ్ పథకంతో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోకి వచ్చినాయి. ఈసీ కోసం రోజులు తిరిగిన మా రైతులకు అది పెద్ద మేలు, నేను చూసి సంతోషించినాను. కానీ భూమి కాగితం మనవళ్ల దాకా నిలవాల. సాఫ్టువేరు లైబ్రరీలకు అన్నేళ్లు మద్దతు ఎవరిస్తారు?

కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో, సాఫ్టువేరులో ఏయే భాగాలున్నాయో, ఏ వెర్షన్లో, ఎవరిచ్చినారో జాబితా పెట్టుకోవాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మా రిజిస్టరే అది. మావాడు ఆ జాబితా రాయడానికి, చచ్చిన లైబ్రరీలను ముందుగా తీయడానికి రెండు వారాలు అడిగినాడు. ఇవ్వలేదు, డాష్‌బోర్డు రంగులు మార్చమన్నారు. ఇలాంటి అప్లికేషన్లు నడిపే పెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర అడిగిన పిల్లవాడికి ఆ రెండు వారాలు ఈ నెలలోనే ఇవ్వండి.