కండ్లద్దాల వాక్యము: టీకా తాత్పర్య సహితము

కాళిదాసునకు మల్లినాథసూరి దొరికెను. ఆముక్తమాల్యదకు వేదము వేంకటరాయశాస్త్రిగారు దొరికిరి. శ్రీశైలక్షేత్రమునకు చేరువగా, ఆనకట్ట పనివారికై వెలసిన సున్నిపెంట కాలనీలో, మా గోడకు ఆవలి యింట, దినపత్రిక గుమ్మమున బడిన క్షణమున ఒకే వాక్యమును ఒకే స్వరమున పలుకుచు వచ్చుచున్న జేజినాయనకు మాత్రము నేటివరకును వ్యాఖ్యాత దొరకలేదు. గోడ పలుచనిది, వాక్యము గంభీరమైనది, పొరుగువాడనైన నాకు పింఛను వచ్చుచున్నది గాని పని లేదు. కావున ఆ భారము నాపై బడినది. మూలమున ఆధారము లేని మాటను, అక్కరకు రాని మాటను పలుకనని మల్లినాథుడు ప్రతిన పూనెను. అందు మొదటి సగమును నేనును పాటించెదను. రెండవ సగమును గూడ పాటించినచో ఈ వ్యాఖ్యయే పుట్టదు.

మూలము:

"ఒరే అబ్బోడా! నా కండ్లద్దాలు యాడ పెట్టినార్రా? నీళ్లెంత వచ్చినాయో సూడల్ల."

'ఒరే అబ్బోడా' యనునది సంబోధనము. మూడవ తరగతి చదువుచున్న మనుమడు ఇచ్చట సంబోధ్యుడని బాలురు సైతము చెప్పగలరు. అయినను ఆ మనుమడు సెలవులకు ఆదోని పోయిన దినములందును ఈ సంబోధనము యథాతథముగ వినబడుచుండుటచే, దీని గురి వేరొకచోట నున్నదని విమర్శకులు గ్రహింపవలయును. ఆ చోటు వంటయిల్లు. ఆ తరము దంపతులు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొనుట యెరుగరు. పెండ్లియైన క్రొత్తలో అత్తగారి మీదుగా, పిదప బిడ్డల మీదుగా, ఇప్పుడు మనుమని మీదుగా వారి సంసారసంభాషణ మంతయు నడచినది. జేజి ప్రత్యుత్తరమును ఈ మార్గముననే వచ్చును: "బియ్యంలో రాళ్లు ఏరేదానికి నేను తీసుకున్న్యా, గూట్లో ఉండాయి అని మీ జేజినాయనకు సెప్పుపో." వక్త, శ్రోత యిరువురును పది అడుగుల దూరమున నుండగా, ఇరువురికిని చెవులు బాగుగనే వినబడుచుండగా, నడుమ దూత యేల యని శంక. దూత లేకున్న అది జగడమగును, దూత యున్న అది సంసారమగునని సమాధానము.

'కండ్లద్దాలు': ఎడమచెవి వైపు పుల్ల విరిగినందున పూలు కట్టు దారముతో బిగింపబడినవి. ఆ యింట ఈ జత యొక్కటియే; పత్రిక చదువుటకు ఆయనకును, రాళ్లేరుటకు ఆమెకును అదియే సాధనము. కొడుకు క్రొత్త జతను కర్నూలునుండి తెచ్చియిచ్చెను గాని, అది పెట్టెలోనే భద్రముగ నున్నది. ఎందుకనగా పోగొట్టుకొనుటకు వీలులేని వస్తువు వెదకుటకును పనికిరాదు. 'పెట్టినార్రా' యను బహువచనము గౌరవార్థకమా, బహుకర్తృకమా యని వివాదము కలదు. గౌరవార్థకమనినచో మనుమనికి గౌరవమేల? బహుకర్తృకమనినచో ఇంట నున్న తక్కినవారు ఇరువురే, అందు ఒకడు బాలుడు. నేరము నెవరిపైనను నిలుపక అందరిపైనను పరచి, తనపై మాత్రము పడనీయకుండుటయే ఈ బహువచనప్రయోజనమని నా యభిప్రాయము.

ఇక 'నీళ్లెంత వచ్చినాయో' యను భాగమునకు వత్తము. వాక్యమునకు ప్రాణమిదియే, కండ్లద్దాలు దీనికి అంగములు మాత్రమే. తెలుగువా డెక్కడ సంకల్పము చెప్పుకొన్నను తాను శ్రీశైలమునకు ఏ దిక్కున నున్నాడో చెప్పి గాని కర్మ నారంభింపడు. జేజినాయన దిక్కును విడిచి ఎత్తును పట్టుకొనెను. శ్రీశైల జలాశయపు నిండుమట్టము 885 అడుగులు. ఆనాటి మట్టము అందులకు ఎన్ని యడుగులు తక్కువయో తెలిసికొనక కాఫీగ్లాసు చేతబట్టడు. 1963లో నెహ్రూ ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. కట్టిననాడు 308 టి.ఎం.సి.లు పట్టునన్న గర్భము పూడిక చేరి నేడు 215 టి.ఎం.సి.ల చెంత నిలిచినది. 854 అడుగులకు దిగినచో పోతిరెడ్డిపాడు కాలువకు నీరు చాలినంత యెక్కదని సీమవారి యార్తి. అందువలన 854 అను అంకె ఈ ప్రాంతమున పంచాంగములోని అమావాస్యవలె భయపడదగినది. ఇవన్నియు ఆయనకు కంఠస్థములు. మనుమని యెక్కములు ఎంతవరకు వచ్చినవో మాత్రము ఎరుగడు.

పత్రికలోని పట్టిక చూచిన పిమ్మట ఆ యంకెను ఆయన ఒక పుస్తకమున ఎక్కించును. ఇది ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి చిట్టా. తేదీ, అడుగులు, వచ్చిన క్యూసెక్కులు, పోయిన క్యూసెక్కులు అని నిలువుగీతలు. దోర్నాల దారిలో కొలువైన సాక్షిగణపతి, యాత్రికులు కొండకు వచ్చినట్లు కలము చేతబట్టి వ్రాసికొని కైలాసమున సాక్ష్యమిచ్చునని ప్రసిద్ధి. ఆయన సాక్ష్యము శివుని సన్నిధిని చెల్లును. ఈయన సాక్ష్యమును జేజియే చెల్లనీయదు. "లెక్కబెడితే నీళ్లు పెరుగుతాయా?" అనును. అయినను ఆ పుస్తకమున ఆమె ప్రక్షిప్తములు పెక్కు గలవు. తేదీ యొకటియే గనుక పాలలెక్క వేయుటకు వేరొక పుస్తకము దండుగ యని ఆమె తలంపు. అందుచే ఒక ఆగస్టు దినమున "881.40, అర లీటరు, రాలేదు" అని యున్నది. రానిది వరదయా, పాలవాడా యని నేను చిరకాలము మథనపడితిని. ఆ వారము పండ్రెండు గేట్లలో పెక్కింటి నెత్తిన మాట జ్ఞప్తికి వచ్చినపిదప పాలవాడే యని నిర్ణయించితిని. 2009 అక్టోబరు ఆరంభపు పుటలో మాత్రము పాలలెక్క లేదు. మట్టము 896 అడుగులు దాటి, కర్నూలు పట్టణము నీట మునిగిన దినము లవి. ఆ యంకెను ఎర్రపెన్సిలుతో వ్రాసి క్రింద గీత గీచినాడు. మరొక మాట వ్రాయలేదు.

ఆయనకు వినోదము లింకను కలవు. సాయంకాలము అరుగుమీద పులిజూద మాడును. పులుల పక్షము తానే వహించును. నల్లమల పులుల యడవి గనుక అది తన హక్కనును. ఆకాశవాణి కడప కేంద్రము విను నలవాటు కలదు. వీనిని విస్తరింపను.

ఇంతవరకు వాచ్యార్థము. ధ్వని వేరు. ఈ నీటిపై ఇంత యాసక్తి యేల? పొలము లేదు, కాలువ కింద మడి లేదు. ఆనకట్టయందు చిన్నకొలువు చేసి విరమించిన వానికి మట్టముతో పనియేమి? ఈ సందేహము నాకు మూడువేసవులు తీరలేదు. తుదకు ఒకనాడు మనుమడు పత్రిక చూచి "ఎనిమిదొందల అరవై" అని చదువగా, ఆయన "అంటే కుమ్మరోల్ల ఈది మునిగినట్ల" అని గొణుగుట గోడ యీవలికి వినబడినది. వెనుకనీరు తాకిన పల్లెలలో ఆయన పల్లె యొకటి. 1981లో ఊరు విడిచి వచ్చిన వేలకొలది కుటుంబములలో ఆయనది యొకటి. మునిగినవాడు ముంచిన యానకట్టయందే జీతము తినెను. కొన్ని దేవాలయములను రాయిరాయిగా విప్పి మెరకకు చేర్చిరి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి అట్లు ఆలంపురము చేరినది. ఇండ్లను అట్లు చేర్చు పద్ధతి లేదు. మనకు అంకెలుగా కనబడునవి ఆయనకు వీధులు: ఈ యడుగునకు రచ్చబండ, ఆపై యడుగునకు మామగారి గడప, ఆపైన చింతచెట్టు మొదలు. నీరు పెరిగిన దినమున సీమకు నీరు వచ్చినదని సంతోషించును. అదే క్షణమున ఎవరి గడప మునిగినదో లెక్కించును. ఈ రెంటిలో ఏది ప్రధానరసము, ఏది అంగరస మని పండితులు నన్నడిగినచో చెప్పజాలను. ఆయన నడిగినచో కండ్లద్దాలు సరిచేసికొని పత్రిక తిరుగవేయును.

ఒక్క పాఠభేదమును చూపవలసియున్నది. మాఘమాసము వచ్చినదా, వాక్యము తలక్రిందులగును. అప్పుడు అడుగునది జేజి. కృష్ణ, తుంగభద్ర మొదలుగా ఏడు నదులు కలియు చోటని చెప్పబడు మరొక సంగమేశ్వరము ఏడాదిలో పెక్కునెలలు ఈ జలాశయగర్భమున మునిగియుండును; మట్టము దిగిన వేసవిలో గుడి బయటపడును; వేపమొద్దు లింగమని పేరొందిన ఆ స్వామిని చూచుటకు జనులు వత్తురు. జేజి పుట్టినిల్లు ఆ ప్రక్కనే యుండెడిది. పుస్తకమును ఎగతాళి చేయు ఆ ముదుసలియే, ఈ యేడు శివరాత్రికి ముందొకనాడు, వంటయింటి నుండి గొంతెత్తి, "ఒరే అబ్బోడా, సంగమయ్య ఎప్పుడు తేల్తాడో మీ జేజినాయన పుస్తకంలో సూసి సెప్పమను" అనెను.

పుటలు తిరుగుచున్న శబ్దము చాలసేపు వినవచ్చినది. నాలుగైదేండ్ల మాఘ ఫాల్గుణములను వ్రేలితో వెదకి, పాలలెక్కలను దాటవేసి, కరెంటుకు విడిచిన నీటిని తీసివేసి, ఆయన తీర్పు చెప్పెను: "శివరాత్రి దాటి పదైదు దినాలకు అని సెప్పు. పోయిన తూరి మాదిరి బురదలో దిగొద్దని గూడా సెప్పు."

మనుమడు ఇరువురి నడుమ పీటపై కూర్చుండి ఉగ్గాని తినుచుండెను. ఇటువైపు మాట అటు చేర్చలేదు. చేర్చుమని అతని నెవ్వరును గదమాయింపలేదు. జేజి అప్పటికే పంచాంగము అడుగుచుండెను.