బుడగొస్తే ఏం చెప్పాలి?

ఫ్లెక్సీ షాపులో కొత్తగా లామినేషన్ మిషను దగ్గర నిలబడ్డ ప్రతి కుర్రాడూ ఒకే భ్రమలో ఉంటాడు, బుడగలూ ముడతలూ రాకుండా చూసుకోవడమే పని అని. అది హెల్పరు పని. వచ్చిన బుడగకి కస్టమరు నోరు మూయించే పేరు పెట్టడం మాస్టరు పని.

ముందు ఆరబెట్టే సంగతి. ఎకో సాల్వెంట్ ప్రింటు బయటికి రాగానే వేలితో తాకండి. రంగు అంటలేదా, లామినేషన్ ఫిల్ము ఎక్కించేయండి. పైకి ఆరినట్టున్నా లోపలి సాల్వెంట్ పోవడానికి 24 గంటలు, ఇంకు దట్టంగా పడితే 48 గంటలు పడుతుందని, అందాకా వదులుగా చుట్టి నిలబెట్టి గాలి తగలనివ్వాలని చాదస్తులు చెబుతారు. పెళ్లి రేపనగా గాలెప్పుడు తగలాలి? పైగా ఆ ఘాటు షాపంతా కొట్టేకన్నా ఫిల్ము కింద పడుంటేనే మన ఆరోగ్యానికి మంచిది. వారం తిరిగేసరికి ఆ సాల్వెంటే జిగురుని మెత్తబరిచి, అంచులు లేపి, మధ్యలో బుడగలు పొంగిస్తుంది. అప్పుడు అడగండి: “ఎండలో పెట్టారా?” షాపు బోర్డు ఎండలో కాక ఇంకెక్కడ పెడతారు! లేటెక్స్ ప్రింటైతే ఆరే బయటికొస్తుంది. అందులో మన ప్రతిభ చూపే వీల్లేదు, ఆ ఆర్డరు పక్క షాపుకి పంపేయండి.

ఇక రోలర్లు. రెండు చివర్లా కాగితం ముక్కలు పెట్టి, లాగి, ప్రెషరు సమానంగా ఉందో లేదో చూసుకునేవాళ్లున్నారు. మీకంత తీరికెక్కడిది? ఎడమ హ్యాండిలు దగ్గరుంది, అది తిప్పండి. కుడివైపు గోడ అడ్డం, వదిలేయండి. ఫిల్ము మెల్లగా పక్కకి జరుగుతూ ముడత మొదలెడుతుంది. దాని పేరు టెక్స్చర్. ఫిల్ము రోలుకి బ్రేకు కూడా గట్టిగా బిగించండి, చూడ్డానికి నీటుగా ఉంటుంది. సాగదీసిన ఫిల్ము తన కొలతకి తాను వెనక్కొచ్చి సన్‌బోర్డుని పడవలా వంచితే, “మీ గోడ వంకరండీ” అనండి.

కోత మాత్రం రోలరు మీదే, బ్లేడుతో. టేబుల్ ఎందుకు దండగ? రబ్బరు మీద ఒక్క గాటు పడితే చాలు, 10 సెంటీమీటర్ల వ్యాసమున్న రోలరు ప్రతి 31 సెంటీమీటర్లకీ అదే గీత అచ్చేస్తుంది: అభ్యర్థి చెంప మీదొకటి, కండువా మీదొకటి, ఎన్నికల గుర్తు మీదొకటి. అది కంపెనీ వాటర్‌మార్కు. రాత్రి రోలర్లు బిగించే ఇంటికెళ్లండి. తెల్లారేసరికి రబ్బరు ఒకచోట చదునై, ఇంకో వాటర్‌మార్కు ఉచితంగా వస్తుంది.

నల్లరంగు మీద తెల్లటి మెరుపు కనబడితే అది ఫిల్ము కింద చిక్కిన సన్నటి గాలి. స్పీడు తగ్గించి, పై రోలరుకి 40, 50 డిగ్రీల వేడిచ్చి, ప్రెషరు సరిచేస్తే చాలావరకు పోతుంది. కానీ పోగొట్టుకోవడమెందుకు? ‘పెర్ల్ ఫినిష్’ అని అడుగుకి ఐదు రూపాయలు ఎక్కువ వేయండి.

కారు చుట్టే ఖరీదైన కాస్ట్ వినైల్ మీద చవక ఫిల్మే వేయాలి. అది కుంచించుకుపోయి డోరు వంపుల్లో ఊడొస్తే కారు కడిగినవాడిదే తప్పు. వెనకద్దానికి అంటించే చిల్లుల వినైల్, అదే వన్ వే విజన్‌కి లామినేషనే వద్దు. వానలో చిల్లుల నిండా నీళ్లు నిలిచి వెనకేమీ కనబడట్లేదంటే, వెనక చూసుకుంటూ నడిపేవాడు జీవితంలో ముందుకి పోడని చెప్పండి.

చివరిగా డెలివరీ. బొమ్మ బయటికుండేలా, లావు గొట్టానికి వదులుగా చుడితే ఫిల్ము లేవదంటారు. మీరు బొమ్మ లోపలికి పెట్టి, సన్నగా, బిగించి చుట్టి, నాలుగు వైపులా టేపేయండి. సాయంత్రం, కరెంటు పోయిన వేళైతే మరీ మంచిది. డబ్బు ముందే పూర్తిగా తీసుకోండి. ఒకసారి విప్పి చూపించమంటే, “ఇప్పుడు విప్పితే గాలి పడుద్దండీ” అనండి.